ఆ ఒక్క వాక్యం ఆపితే సరిపోదు: లానా డెల్ రేకు బహిరంగ లేఖ

లానా డెల్ రే గారికి,

2014 జూన్‌లో వచ్చిన మీ 'అల్ట్రావయొలెన్స్' ఆల్బమ్‌లో అదే పేరుతో ఉన్న రెండో పాట గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ పాటలో, ప్రియుడి దెబ్బ ముద్దులా అనిపించిందన్న వాక్యాన్ని మీరు వేదిక మీద పాడటం మానేశారు. 2017లో పిచ్‌ఫర్క్ పత్రికతో మాట్లాడుతూ ఆ సంగతి మీరే చెప్పారు. పాట పాడతానుగానీ ఆ వాక్యం పాడనని, అదిప్పుడు మీకు నచ్చడం లేదని అన్నారు. అప్పట్లో మీకు తెలిసిన బంధం అలాంటిదేనని, ఆ బంధంలోని గొడవకు కారణం మీరు కాదని కూడా అన్నారు. పేరూ డబ్బూ తెచ్చిపెట్టిన పాట గురించి అలా ఒప్పుకోవడం తేలిక కాదు. ఆ మాటకు మీ మీద గౌరవం పెరిగింది.

అయినా నా అసంతృప్తి తీరలేదు. తీసేసిన వాక్యం ఆ పాటలో అసలు లోపం కాదని నా నమ్మకం. లోపం దాని చుట్టూ మీరు కట్టిన సంగీతంలో ఉంది. రికార్డులో ఆ సంగీతం అలాగే ఉంది.

ఈ లేఖ చదివే తెలుగువాళ్లలో మీ పాట విననివాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పాటలో ఒక అమ్మాయి మాట్లాడుతుంది. ఆమె ప్రేమించినవాడి పేరు జిమ్. అతను ఆమెకు ఒక విషపు మొక్క పేరు పెట్టి పిలుస్తాడు. అతన్ని ఆమె ఒక పంథాను నడిపే గురువుతో పోలుస్తుంది, తనను అతని దగ్గర పాడే మనిషిగా చెప్పుకుంటుంది. అతను కొట్టాడు. ఆ దెబ్బ ఆమెకు ముద్దులా అనిపించింది. ఇంతే కథ. ఇలాంటి ఆడవాళ్లు లేరని నేననను. ఎక్కడ చూసినా ఉన్నారు. కాబట్టి ఈ కథతో పాట కట్టకూడదనీ అనను.

ఆ వాక్యం మీది కాదన్న సంగతి మీ అభిమానుల్లో కూడా కొందరికి తెలియదు. 1962లో ది క్రిస్టల్స్ అనే అమ్మాయిల బృందం పాడిన పాట పేరే అది, 'హి హిట్ మీ అండ్ ఇట్ ఫెల్ట్ లైక్ ఎ కిస్'. రాసింది జెర్రీ గాఫిన్, కరోల్ కింగ్ దంపతులు. రికార్డు చేసింది ఫిల్ స్పెక్టర్. గాఫిన్, కింగ్‌ల ఇంట్లో పసిబిడ్డను చూసుకునే అమ్మాయి ఈవా బాయిడ్. తరువాత ఆమె చేతే వాళ్లు 'ది లోకోమోషన్' పాడించారు. ఆ ఏడాది ఆగస్టులో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆమె లిటిల్ ఈవాగా ప్రపంచానికి తెలిసింది. ఆ అమ్మాయిని ప్రియుడు కొడుతున్నాడని గాఫిన్, కింగ్‌లకు తెలిసి, ఎందుకు పడుతున్నావని అడిగారట. ప్రేమ ఉంది కాబట్టే కొట్టాడని ఆమె జవాబిచ్చిందట. ఆ జవాబే పాటైంది.

ఆ పాట ఎక్కువ కాలం నిలవలేదు. జనం అభ్యంతరపెట్టారు, రేడియోలు వెనక్కి తగ్గాయి, స్పెక్టర్ కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది. పాడిన అమ్మాయిలకే అది నచ్చలేదు. తనకు ఆ పాటతో సంబంధం ఉన్నందుకు కరోల్ కింగ్ తరువాత విచారం వెలిబుచ్చారు. అంతకన్నా నన్ను కలచివేసిన సంగతి 2012లో వచ్చిన ఆమె ఆత్మకథలో ఉంది. మూడో భర్త తనను కొట్టేవాడని ఆమె అందులో రాసుకున్నారు. ఇరవై ఏళ్ల వయసులో మరో ఆడపిల్ల దెబ్బల మీద పాట కట్టిన మనిషి, మంచి పేరూ సంపాదనా ఉండి కూడా, ఆ దెబ్బలే తిని కొంతకాలం నోరు మెదపలేకపోయింది. ఇక స్పెక్టర్ సంగతి మీకు నేను చెప్పాలా? అతని భార్య రానీ స్పెక్టర్, ఆ ఇంట్లో తాను బందీగా ఎలా బతికిందో పుస్తకం రాసింది. 1972లో కాళ్లకు చెప్పులు కూడా లేకుండా బయటపడింది. 2003 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అతని ఇంట్లో ఒక నటి తుపాకీ గుండు తగిలి చనిపోయింది. 2009లో కోర్టు అతన్ని హంతకుడని తేల్చింది. శిక్ష అనుభవిస్తూనే 2021 జనవరిలో అతను చనిపోయాడు. ఆ నటి పేరు లానా క్లార్క్‌సన్.

మీరు అరువు తెచ్చుకున్న వాక్యం వెనక ఇంతమంది ఉన్నారు. పాత పాటల్లోని మెరుపు తునకలను ఏరి మీ పాటల్లో పొదగడం మీ పద్ధతి, ఆ పనిలో మీకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. కానీ ఈ తునకకు నెత్తురు అంటుకుని ఉంది. దాన్ని కడగకుండానే, చూపించకుండానే వాడారు.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. క్రిస్టల్స్ పాటను ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. మీ పాట వింటే జలదరించదు. ఎందుకు? ఆ రికార్డులో బార్బరా ఆల్స్టన్ గొంతు వినండి. అందులో సంబరం లేదు. చెప్పమన్న మాటలు తప్పక చెబుతున్నట్టు, ముఖంలో ఏ భావమూ కనపడనివ్వకుండా పాడుతుంది. కింద బేస్ బరువుగా అడుగులేస్తుంది. పైన తీగవాద్యాలు లేచినప్పుడు హాయి కలగదు, ఊపిరాడనట్టు ఉంటుంది. తాను సంతోషంగా ఉన్నానని ఆ అమ్మాయి అంటుంది. వాద్యాలు ఒప్పుకోవు. స్పెక్టర్ కావాలనే అలా చేశాడని నేను వాదించను, అతని గురించి అంత మంచి మాట చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఎలా పడిందో తెలియదుగానీ టేపు మీద భయం పడింది. 1995లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్‌లో హోల్ బృందంతో కోర్ట్నీ లవ్ అదే పాట పాడినప్పుడు ఆ భయాన్ని కోపంగా మార్చింది. మాటలు మార్చలేదు, గొంతు మార్చింది. 2015లో ఆమె మీతో కలిసి పర్యటించారు కదా, ఆ పాట గురించి మీ ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడైనా వచ్చాయో లేదోనని నాకు ఆసక్తి.

ఇప్పుడు మీ పాటకు వద్దాం. డానియల్ హీత్‌తో కలిసి రాశారు. ది బ్లాక్ కీస్ బృందంలోని డాన్ ఔర్‌బాక్ నిర్మించారు. తీగవాద్యాల అలతో పాట తెరుచుకుంటుంది. ఆ వెంటనే డ్రమ్స్ తాపీగా అందుకుంటాయి. వాటికి తొందర లేదు, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేనట్టు నడుస్తాయి. గిటారు మసకగా, నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. చరణంలో మీరు కింది స్వరాల్లో, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడతారు. పల్లవికి వచ్చేసరికి గొంతు పైకి లేస్తుంది. దాని మీద మీ గొంతే మరో పొరగా పరుచుకుంటుంది. ప్రతిధ్వని దాన్ని పెద్ద గుడి మండపంలోకి మోసుకుపోయినట్టు మోసుకుపోతుంది. దెబ్బ మాట వచ్చేది సరిగ్గా అక్కడే. ఆ క్షణంలో తాళం తొణకదు, తీగ తెగదు, గొంతులో చిన్న జీర కూడా రాదు. ఆల్బమ్ మొత్తంలో అందమైన చోట్లలో అదొకటి. చెయ్యి పడ్డ చోటే మీరు అందమంతా తెచ్చి పోశారు.

ఇంకొక చిన్న సంగతి. పల్లవిలో ఆ అమ్మాయికి సైరన్లూ వినిపిస్తాయి, వయొలిన్లూ వినిపిస్తాయి. రాతలో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం గొప్పగా ఉంది. ఒకటి ప్రమాదం, ఒకటి ప్రేమ, ఏది ఏదో ఆమె విడదీసుకోలేకపోతోంది. పాట గుండె అక్కడుంది. మరి వాద్యగోష్ఠిలో ఏం వినిపిస్తుంది? వయొలిన్లు మనసు నిండా వినిపిస్తాయి. సైరన్ నా చెవికి ఎక్కడా తగల్లేదు. నిజం సైరన్ మోగించమని కాదు నేననేది. కొంచెం అపస్వరం, ఒక కీచు, తీగలు ఒక్క క్షణం శ్రుతి తప్పడం, ఏదైనా సరే. ఆమె మాటల్లో రెండూ ఉన్నప్పుడు సంగీతం ఒకదాన్నే ఎంచుకుంది. జిమ్‌కు ఇష్టమైనదాన్నే ఎంచుకుంది.

పాట పేరు ఆంటొనీ బర్జెస్ నవల 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' నుంచి వచ్చింది. ఆ నవల కూడా 1962లోనే అచ్చయింది. అందులో కథ చెప్పేవాడు కొట్టేవాడే, కొట్టడంలో ఆనందం పొందేవాడే. అయినా చదువుతున్న మనకు అతని ఆనందం అంటుకోదు. కథ చెబుతున్నవాడు చూడనిదాన్ని మనం చూసేలా బర్జెస్ ఏర్పాటు చేశాడు. చెప్పేవాడికన్నా పుస్తకానికి ఎక్కువ తెలుసు. మీ పాటలో చెప్పే అమ్మాయికి తెలిసినంతే పాటకూ తెలుసు. జిమ్ ఎలాంటివాడో ఆమెకు తెలియకపోతే నేను అర్థం చేసుకుంటాను. పాటకు కూడా తెలియకపోవడమే నాకు మింగుడుపడలేదు.

2014 జులైలో వచ్చిన వీడియో కూడా ఇదే పని చేసింది. పెళ్లికూతురి తెల్లగౌనులో, ముసుగుతో మీరు నడుస్తుంటారు. కెమెరా పట్టుకున్నవాడి కళ్లతోనే మిమ్మల్ని చూస్తాం. అతను కనపడడు, అతని చెయ్యి మాత్రం కనపడుతుంది. ఆ ఆలోచనలో పదును ఉంది. కానీ చూపంతా అతని వైపు నుంచే మొదలై అతని వైపే ముగిసింది.

పాడే అమ్మాయికన్నా పాటకు ఎక్కువ తెలిసేలా మీరు చేయలేరా అంటే, చేయగలరు. అదే ఆల్బమ్‌లో చేశారు కూడా. 'ప్రెటీ వెన్ యూ క్రై' పాట నాకు అందుకే ప్రాణం. అక్కడ కూడా ప్రేమించినవాడు మాట తప్పుతూ ఉంటాడు, ఈమె ఏడుస్తూ ఎదురుచూస్తూ ఉంటుంది. కానీ అక్కడ మీ గొంతు తప్పుతుంది. స్వరం కిందికి జారుతుంది, అందుకోవాల్సిన చోట అందుకోదు, మాట చివర ముడుచుకుపోతుంది. గిటారిస్టు బ్లేక్ స్ట్రానథన్‌తో కూర్చుని అప్పటికప్పుడు అల్లిన పాట అది. ఆ తప్పులను సరిదిద్దకుండా ఆల్బమ్‌లో ఉంచేశారు. అలా ఉంచేయడానికి ఎంత ధీమా కావాలో పాడేవాళ్లకే తెలుస్తుంది. అందంగా ఉన్నానంటున్న మనిషి గొంతు అందంగా లేకపోవడం వినగానే వినేవాళ్లకు విషయం బోధపడుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. 'అల్ట్రావయొలెన్స్'లో ఆ అవకాశం మీ చేతిలోనే ఉంది, నునుపు చేసి వదిలేశారు.

దీనికి మీ వైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. 2020 మేలో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పెద్ద ఉత్తరంలో ఆ జవాబు మీరే రాశారు. హింసను ముస్తాబు చేస్తున్నానని ఏళ్ల తరబడి నన్ను నిందించారు, నేను చేసిందల్లా చుట్టూ ఉన్న బంధాల వాస్తవాన్ని పాడటమే, నాలాంటి మెతక ఆడవాళ్లకు కూడా స్త్రీవాదంలో చోటుండాలి అన్నది దాని సారాంశం. అందులో మీరు తోటి గాయనుల పేర్లు ఎత్తారు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, ఇతర శ్వేతజాతేతరులు కావడంతో పెద్ద దుమారం రేగింది. ఆ పేర్లు ఎత్తడం తప్పేనని నేనూ అనుకుంటాను. ఈవా బాయిడ్ నల్లజాతి పిల్ల, ఆమె నోటి మాటను పాడిన క్రిస్టల్స్ కూడా నల్లజాతి అమ్మాయిలే అన్నది గుర్తుంటే ఆ పేర్ల జోలికి వెళ్లేవారు కాదేమో. కానీ దుమారంలో మీ అసలు వాదన ఎవరూ వినిపించుకోలేదు. దానికి విలువ ఉంది. తిరగబడే ఆడవాళ్లకే పాటలుండాలి, పడి ఉండే ఆడవాళ్లకు ఉండకూడదు అంటే అది అన్యాయం. కొట్టినవాణ్ని వదల్లేని మనిషికి కూడా తన గోడు చెప్పుకునే పాట కావాలి. ఆమె వదల్లేకపోవడం తప్పు కాదు, సిగ్గుపడాల్సిన విషయం అంతకన్నా కాదు.

నా పేచీ వాస్తవం దగ్గర లేదు. అదే వాస్తవాన్ని మీరు ఎవరి పక్కన నిలబడి పాడుతున్నారన్నదాని దగ్గరుంది.

ఇది నేను ఎక్కడి నుంచి రాస్తున్నానో చెబితే మీకు నా పట్టుదల అర్థమవుతుంది. మా దేశంలో ప్రభుత్వం కొన్నేళ్లకొకసారి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేస్తుంది. 2019-21 మధ్య జరిగిన ఐదో సర్వేలో ఆడవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని. కనీసం ఒక కారణానికి సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. ఆ అంకెలు మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు. ఈ రెండు రాష్ట్రాల్లో నాకు తెలిసిన అమ్మలూ అత్తలూ అక్కలూ ఒక్కొక్కరుగా కళ్ల ముందుకు వచ్చారు.

వాళ్లెవరూ మీ పాట విని అలా అనలేదు, ఆ నింద మీ మీద వేయను. ఆ మాట మా ఇళ్లలో మీకన్నా ఎంతో ముందు నుంచే ఉంది. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కూతురికి నాలుగు రోజులు అన్నం పెట్టి, 'కొట్టినా తిట్టినా నీ మొగుడే కదమ్మా, ప్రేమ ఉన్నవాడికే కోపం వస్తుంది' అని బస్సెక్కించే ఇళ్లు మావి. 2005లో గృహహింస చట్టం వచ్చింది. చట్టం ఉందని తెలిసిన కూతురిని కూడా ఆ మాటే చెప్పి వెనక్కి పంపిస్తున్నారు. మా సినిమాలదీ అదే దారి. 'అర్జున్ రెడ్డి' తీసిన సందీప్ రెడ్డి వంగా 2019లో దాని హిందీ రూపం విడుదలయ్యాక ఒక ఇంటర్వ్యూలో, ప్రేమించుకున్నవాళ్లకు ఒకరినొకరు చెంపదెబ్బ కొట్టుకునే చనువు లేకపోతే ఇక అక్కడ ఏముందన్నట్టు మాట్లాడారు. ఆ మాటకు చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీ పాట వింటున్న ఇరవై ఏళ్ల అమ్మాయిని ఊహించుకోండి. అలాంటివాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీ పాటల్లో తమ దిగులును వెతుక్కునేవాళ్లు. వాళ్లకు మీరు చాలా ఇచ్చారు. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని బెంగకు ఒక స్వరం ఇచ్చారు. కానీ దెబ్బే ప్రేమ అన్న మాట ఆ అమ్మాయి అమ్మమ్మ దగ్గర వినేసింది, సినిమాలో వినేసింది. అదే మాట ఇప్పుడు ఇంగ్లిష్‌లో, ఇంత మధురమైన గొంతులో, మబ్బుల్లో తేలుతున్న సంగీతంతో వింటే, అమ్మమ్మ చెప్పింది నిజమేనన్నమాట అనుకుంటుంది. ఇంట్లో దొరకనిది ఒకటి ఆమెకు మీ పాటలో దొరకాలి. అది అనుమానం. వీడు నిజంగా ప్రేమిస్తున్నాడా అన్న చిన్న అనుమానం. మాటల్లో వద్దు, పాడే అమ్మాయి నోట అసలే వద్దు. వెనక వాయిస్తున్న వాద్యంలో ఒక్క చోట వినపడితే చాలు.

తాము పాడిన మాటే తరువాత మింగుడుపడని ఇలాంటి ఇబ్బందిని మిగతా కళాకారులు రెండు రకాలుగా దాటుకున్నారు. పారమోర్ బృందం 2018లో తమ 'మిజరీ బిజినెస్' పాటను వేదిక మీద పూర్తిగా ఆపేసి, 2022లో మళ్లీ మొదలుపెట్టింది. టేలర్ స్విఫ్ట్ 2023లో పాత ఆల్బమ్ మళ్లీ రికార్డు చేసేటప్పుడు 'బెటర్ దాన్ రివెంజ్'లో ఒక వాక్యం మార్చేసింది. మీరు మధ్యేమార్గంగా పాట ఉంచి వాక్యం వదిలేశారు. ఈ మూడింటిలో ఏదీ మీ పాటకు సరిపోదని నా అభిప్రాయం. ఆ వాక్యం తీసేస్తే ఆ అమ్మాయి మరీ ఒంటరిదైపోతుంది. ఆమె నమ్మిన అబద్ధం ఏమిటో కూడా వినపడకుండా పోతుంది, కొట్టినవాడు మాత్రం పాటలో హాయిగా ఉంటాడు. జిమ్ పేరు పాడుతూ దెబ్బ మాట మింగేస్తే అది జిమ్‌కే మేలు. అతను కోరుకునేదీ ఆ మౌనమే. రికార్డులో, స్ట్రీమింగ్‌లో ఆ వాక్యం ఎలాగూ యథాతథంగా ఉంది, ఉంటుంది కూడా.

మీరు ఆ తరువాత ఎంత దూరం వచ్చారో 2023 ఫిబ్రవరిలో 'ఏ అండ్ డబ్ల్యూ' వచ్చినప్పుడు తెలిసింది. జాక్ ఆంటనాఫ్‌తో కలిసి రాసిన ఏడు నిమిషాల పైచిలుకు పాట. మొదటి సగంలో గిటారు, పియానో, అలసిన గొంతు. తనకు జరిగినదాన్ని చెబితే ఎవరు నమ్ముతారు అని ఆ ఆడమనిషి అడుగుతుంది, సాక్ష్యం చెప్పనంటుంది. ఏడుపు లేదు, వేడుకోలు లేదు. ఆ ప్రశ్న విన్నాక నేను పాట ఆపేసి కాసేపు కూర్చుండిపోయాను. మా పోలీస్ స్టేషన్లలో, కోర్టు వరండాల్లో ఆడవాళ్లు రోజూ మోసే ప్రశ్న అది. మధ్యలో పాట ఒక్కసారిగా విరిగిపోతుంది. బరువైన బీట్ వచ్చి పడుతుంది, పిల్లల ఆటపాటలాంటి వరస వస్తుంది. అందులో జిమ్మీ వస్తాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందటి జిమ్ ఇతనేనో కాదో మీకే తెలియాలి. వినేవాళ్లలో చాలామందికి అతనే అనిపించాడు. ఇక్కడ అతను గురువు కాదు, మండపమూ లేదు, ప్రతిధ్వనీ లేదు. మత్తు కావాల్సినప్పుడే ప్రేమ గుర్తొచ్చే మామూలు మనిషి. ఆమె అతని సంగతి వాళ్లమ్మకు చెప్పేస్తుంది. అత్తగారి ముందు కొడుకు నిర్వాకం కుండబద్దలు కొట్టిన కోడలిని చూసినంత సంతోషం కలిగింది నాకు అక్కడ. జిమ్ దిగిపోయాడు. అతన్ని దించింది మాటలొక్కటే కాదు. విరిగిన ఆ నిర్మాణం, ఒకదానికొకటి పొసగని రెండు సగాలు కూడా దించాయి. ఈ పాటకు జిమ్ గురించి అంతా తెలుసు.

కాబట్టి మీకు నా మనవి. 'అల్ట్రావయొలెన్స్'ను వదిలేయకండి, మళ్లీ రికార్డు చేయండి. మాటలన్నీ అలాగే ఉంచండి, మానేసిన ఆ వాక్యంతో సహా. సంగీతం మార్చండి. డాన్ ఔర్‌బాక్‌తో చేస్తారో, ఆంటనాఫ్‌తో చేస్తారో, ఒక్క పియానోతో చేస్తారో మీ ఇష్టం. ఆ వాక్యం దగ్గర ప్రతిధ్వని తీసేయండి. మీ రెండో గొంతును తీసేయండి. డ్రమ్స్‌ను ఒక ఆవర్తనం పాటు ఆపేయండి, వయొలిన్లను శ్రుతి తప్పనివ్వండి. 'ప్రెటీ వెన్ యూ క్రై'లో పాడినట్టు, అందకపోతే అందకపోనీ అని పాడండి. అబద్ధం చెబుతున్నప్పుడు మనిషి గొంతు ఎలా ఉంటుందో మీకన్నా బాగా పాడగలిగినవాళ్లు ఇవాళ ఎవరున్నారు?

ఆ కొత్త రికార్డింగ్ వచ్చేదాకా కచేరీల్లో ఒక్క పని చేయండి. 'అల్ట్రావయొలెన్స్' పాడిన రోజున దాని వెంటనే, మధ్యలో ఇంకే పాటా పెట్టకుండా, 'ఏ అండ్ డబ్ల్యూ' పూర్తిగా పాడండి, వాళ్లమ్మకు చెప్పే చోటు దాకా.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి మీ శ్రోత